పథ్యానికి గడువు ఉండాలి

కీళ్ళవాతానికి ఏ పథ్యం పాటించాలి? ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నది. అడిగేవారిలో అత్యధికులు సోదరీమణులే. వంకాయ మానేశాము, చింతపండు మానేశాము, పెద్ద మాంసం మానేశాము, చివరకు పెరుగు కూడా మానేశాము. అయినా ఉదయం లేచేసరికి వేళ్ళు మడతపడటం లేదు, ఇంకా ఏమి మానేయాలి అన్నది ఆ ఉత్తరాల సారాంశం.

మేము వైద్యులము కాము. మదర్సాలో పాఠం చెప్పుకునేవారము. అయితే ఈ ప్రశ్నలో వైద్యంతో పాటు ఇంటి వ్యవహారం, ధర్మం కూడా ఇమిడి ఉన్నాయి. కనుక వైద్యులను అడిగి తెలుసుకున్నవి, చదివి గ్రహించినవి, కళ్ళారా చూసినవి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందు రోగమేదో తెలియాలి

కీళ్ళనొప్పులన్నీ ఒకే రోగం కాదు. వయసు మీదపడగా కీలులోని మృదులాస్థి అరిగి, ముఖ్యంగా మోకాళ్ళలో వచ్చే నొప్పి ఒకటి. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, తరచుగా కాలి బొటనవేలి వద్ద అకస్మాత్తుగా మంటతో వచ్చే గౌట్ మరొకటి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఈ రెండింటికీ భిన్నమైనది. దీనిని తెలుగువారు కీళ్ళవాతమని, ఆమవాతమని, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో గఠియా అని వ్యవహరిస్తారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి, కీళ్ళ లోపలి పొరనే శత్రువుగా భావించి దాడి చేయడం ఈ రోగ లక్షణం. సాధారణంగా రెండు చేతుల వేళ్ళు, మణికట్లు, పాదాల చిన్న కీళ్ళు ఒకే విధంగా వాస్తాయి. ఉదయం లేచిన తరువాత గంటసేపు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువసేపు కీళ్ళు బిగుసుకొని ఉంటాయి. పురుషులకంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికం.

ఈ భేదం తెలియకపోవడం వల్ల ఒక రోగపు పథ్యాన్ని మరొక రోగికి అంటగట్టడం జరుగుతున్నది. మాంసం, ముఖ్యంగా కాలేయం వంటి భాగాలు తగ్గించమనడం గౌట్ రోగికి తగిన సలహా. అదే మాటను కీళ్ళవాత రోగికి చెప్పి, ఆమె పళ్ళెంలోని మాంసాన్ని, పప్పును తీసివేస్తే రోగం తగ్గదు సరికదా, అసలే రక్తహీనతకు లోనయ్యే శరీరం మరింత బలహీనపడుతుంది. కనుక పథ్యానికి ముందు పరీక్ష, పరీక్షకు ముందు రుమటాలజిస్టు వద్దకు ప్రయాణం అవసరం.

ఏడు పదార్థాలు పోయాయి

మా మదర్సా వంటశాలలో ఒక సోదరి చాలాకాలంగా పనిచేస్తున్నారు. వంద మందికి పైగా విద్యార్థుల రొట్టెలకు పిండి కలిపిన చేతులు ఆమెవి. ఆ చేతులకు వాపు వచ్చింది. ఉదయం తొమ్మిది దాటితే తప్ప గరిటె పట్టుకోలేని స్థితి ఏర్పడింది. చూడవచ్చిన ప్రతివారూ ఒక సలహా ఇచ్చి వెళ్ళారు. ఒకరు వంకాయ వాతమన్నారు. ఒకరు చింతపండు పులుపు కీళ్ళను తినేస్తుందన్నారు. ఆ విధంగా బంగాళాదుంప, శనగపిండి, కందిపప్పు, పెద్ద మాంసం, కోడిగుడ్డు కూడా ఆమె పళ్ళెం నుండి తొలగిపోయాయి. ఏడాదిలో ఏడు పదార్థాలు పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. సొరకాయ, బీరకాయ, అన్నం మిగిలాయి. ఆమె చిక్కిపోయారు. నొప్పి మాత్రం అలాగే ఉన్నది.

అంతకంటే విచారకరమైన విషయం మరొకటి. పథ్యమే చికిత్స అనుకొని ఆమె వైద్యుని వద్దకు వెళ్ళడం వాయిదా వేస్తూ వచ్చారు. వెళ్ళేనాటికి కుడిచేతి రెండు వేళ్ళు ఒక పక్కకు వంగిపోయాయి. వాపు తగ్గించవచ్చును గానీ, అరిగిపోయిన ఎముకను మందు తిరిగి తేలేదని వైద్యులు స్పష్టంగా చెప్పారు. ఆ నష్టం వంకాయ వల్ల జరగలేదు, ఆలస్యం వల్ల జరిగింది. రోగం మొదలైన తొలి నెలలలోనే చికిత్స ప్రారంభిస్తే కీళ్ళు నిలిచే అవకాశం చాలా ఎక్కువ.

పరిశోధన ఏమంటున్నది?

అయితే ఆహారానికీ ఈ రోగానికీ సంబంధమే లేదా? అలా అనడానికి కూడా వీలులేదు. 1986లో అమెరికా వైద్యులు ఒక రోగి గురించి ప్రచురించారు. పాలు తాగితే కీళ్ళు వాస్తున్నాయని ఆమె చెప్పగా, ఎండబెట్టిన పాలపొడిని గొట్టంమాత్రలలో నింపి, వాటిలో ఏమున్నదో ఆమెకు తెలియకుండా ఇచ్చి చూశారు. పాలు ఉన్న మాత్రలు తీసుకున్నప్పుడు నొప్పి, బిగువు నిజంగానే పెరిగాయి. అంటే కొందరి విషయంలో ఇది భ్రమ కాదు. అయితే అటువంటివారు కొద్దిమందే.

1991లో 'లాన్సెట్' వైద్యపత్రికలో నార్వే పరిశోధకుల అధ్యయనం వెలువడింది. 27 మంది రోగులు 7 నుండి 10 రోజులు దాదాపు ఉపవాసంలో ఉన్నారు. తరువాత రెండు రోజులకు ఒక కొత్త పదార్థం చొప్పున ఆహారంలో చేర్చుకున్నారు. పదార్థం చేర్చిన 2 నుండి 48 గంటలలోపు నొప్పి పెరిగితే దానిని పక్కన పెట్టారు. మూడున్నర నెలలు మాంసం, పాలు, గోధుమ లేని ఆహారం, తరువాత పాలతో కూడిన శాకాహారం తీసుకున్నారు. మామూలు ఆహారం తీసుకున్న 26 మందితో పోల్చినప్పుడు వీరిలో నొప్పి, వాపు తగ్గాయి. ఏడాది తరువాత కూడా ఆ మేలు కొనసాగింది.

ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ ఏ ఆహారం తింటున్నామో తెలిసిన రోగులు తమ నొప్పిని తామే కొలిచి చెప్పినప్పుడు ఆశ ఎంత, ఆహారం ఎంత అని విడదీయడం కష్టం. 2009లో కాక్రేన్ సంస్థ ఇటువంటి అధ్యయనాలన్నింటినీ సమీక్షించి, అవి చిన్నవని, ప్రయోజనం అనిశ్చితమని, పథ్యం పాటించినవారిలో మధ్యలో మానుకున్నవారు, బరువు కోల్పోయినవారు ఎక్కువని తేల్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022లో రూపొందించిన మార్గదర్శకాలు మధ్యధరా ప్రాంతపు ఆహార పద్ధతిని మాత్రమే, అదీ షరతులతో, సిఫారసు చేశాయి. తక్కిన ప్రత్యేక పథ్యాలను సిఫారసు చేయలేదు.

మానడం కాదు, పరీక్షించడం

మరి తొలగింపు పథ్యం ఎందుకు? ఎవరికైనా ఒక పదార్థం మీద బలమైన అనుమానం ఉన్నప్పుడు, ఆ అనుమానాన్ని తేల్చుకోవడానికి. పథ్యాన్ని మన ఇళ్ళలో పర్హేజ్ అంటారు. ఆ మాట వినగానే 'మానుకోవడం' అన్న అర్థం మాత్రమే స్ఫురిస్తుంది. తొలగింపు పథ్యంలో మానుకోవడం సగం పని. తిరిగి తిని చూడటం మిగిలిన సగం. రెండవ సగం లేని మొదటి సగం రోగిని ఆకలితో ఉంచుతుంది, ఏమీ తెలియనివ్వదు.

పోల్చి చూడనిదే ఫలితం తేలదన్న సంగతి వైద్యులకు కొత్త కాదు. క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన ప్రసిద్ధ వైద్యుడు అబూబక్ర్ రాజీ, మెదడు పొరల వాపు లక్షణాలున్న రోగులలో ఒక వర్గానికి రక్తం తీయించి, మరొక వర్గానికి కావాలనే తీయించకుండా ఉంచి, ఫలితాన్ని పోల్చినట్లు తన 'హావీ' గ్రంథంలో నమోదు చేశారు. ఆ చికిత్స నేడు చెల్లదు. పోల్చి చూసిన పద్ధతి మాత్రం చెల్లుతుంది.

వైద్యుని అనుమతితో ఇంట్లో చేయదగిన క్రమం ఇది. మొదటి రెండు వారాలు ఆహారంలో ఏ మార్పూ చేయరాదు. ఒక నోటుపుస్తకంలో తిన్నవి, ఉదయం బిగువు ఎన్ని నిమిషాలు ఉన్నది, ఎన్ని కీళ్ళు నొప్పిపెట్టాయి, ఏ మాత్రలు వేసుకున్నారు అన్నవి రాయాలి. ఈ రోగం ఏ కారణమూ లేకుండానే కొన్నాళ్ళు పెరిగి, కొన్నాళ్ళు తగ్గుతుంది. నిన్న వంకాయ తిన్నాము, నేడు నొప్పి వచ్చింది అన్నంతమాత్రాన వంకాయ దోషి కాదు.

తరువాత అనుమానం ఉన్న ఒకటి రెండు పదార్థాలను మూడు నాలుగు వారాలు పూర్తిగా తొలగించాలి. పూర్తిగా అంటే, పాలు మానినవారు చాయ్‌లోని పాలు, షీర్ ఖుర్మా, పాలపొడి కలిసిన బిస్కెట్లు కూడా మానాలి. ఈ కాలంలో నొప్పి ఏమాత్రం తగ్గకపోతే ఆ పదార్థం నిర్దోషి, హాయిగా తినవచ్చును. తగ్గితే ఒక్కొక్క పదార్థాన్నీ విడివిడిగా, మామూలు పరిమాణంలో తిని, మూడు రోజులు గమనించాలి. నొప్పి పెరిగితే ఆపి, నెమ్మదించిన తరువాత మరొకసారి పరీక్షించాలి. రెండుసార్లూ పెరిగినప్పుడే దానిని పక్కన పెట్టడం న్యాయం. ఈ కాలమంతా మందుల మోతాదు మారరాదు. మారితే ఏది పనిచేసిందో తెలియదు.

గర్భవతులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, బరువు తక్కువగా ఉన్నవారు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీనిని చేపట్టరాదు. ఏదైనా తింటే ఊపిరాడకపోవడం, పెదవులు వాయడం వంటి అనుభవం ఉన్నవారు ఆ పదార్థాన్ని ఇంట్లో తిని చూడటం ప్రమాదకరం.

మా వంటశాల సోదరి కూడా మందులు మొదలై, వాపు కొంత నెమ్మదించిన తరువాత వైద్యుల అనుమతితో ఈ పరీక్ష చేశారు. ఏడు పదార్థాలూ అప్పటికే మానివేసినవి కనుక ఒక్కొక్కటిగా తిరిగి తినడమే ఆమె చేయవలసిన పని. ఆమె కూతురు బడి నోటుపుస్తకంలో లెక్క రాసింది. వంకాయ వచ్చింది, ఏమీ కాలేదు. చింతపండు వచ్చింది, ఏమీ కాలేదు. కోడిగుడ్డు తిన్నప్పుడు బిగువు పెరిగింది. రెండవసారి తిన్నప్పుడు పెరగలేదు. నెల తిరిగేసరికి ఏడూ ఆమె పళ్ళెంలోకి తిరిగి వచ్చాయి. మరొకరికి ఒక పదార్థం నిజంగానే పడదని తేలవచ్చు. అప్పుడు దాని పోషకం వేరే చోట నుండి రావాలి. పాలు మానినవారికి రాగులు, నువ్వులు మేలు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

ఏమీ తొలగించకుండా చేయదగిన మేలు కూడా ఉన్నది. కవళ్ళు, కానాగంతలు వంటి సముద్రపు చేపలను వేయించకుండా పులుసుగా వండుకోవడం, ఆకుకూరలు, పప్పులు పెంచడం, చక్కెర, డాల్డా తగ్గించడం మన వంటింట్లో సాధ్యమే. సిగరెట్, బీడీ ఈ రోగానికి ఆజ్యం పోస్తాయన్నది బాగా రుజువైన విషయం. భార్య పళ్ళెంలో వంకాయ వెతికే భర్త తన జేబులోని బీడీకట్టను కూడా చూసుకోవాలి.

మందు ఆగరాదు

ఈ రోగానికి తరచుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి మాత్రమే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. దాని ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. పనిచేయలేదని మధ్యలో మానరాదు. రక్తపరీక్షలు తప్పించరాదు. సంతానం కోరుకునేవారు ముందుగానే వైద్యునికి చెప్పి తీరాలి, ఎందుకంటే గర్భంలో అది శిశువుకు హాని చేస్తుంది. పేరు లేని పొడులు రెండు రోజులలో నొప్పి మాయం చేస్తే సంతోషించక అనుమానించాలి. వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మేవారు ఉన్నారు.

రమజాన్‌లో ఈ పరీక్ష పెట్టుకోవద్దని మా సలహా. ఆ నెలలో భోజన వేళలు, నిద్ర, మాత్రల సమయాలు అన్నీ మారుతాయి. ఏ మార్పు వల్ల ఏమి జరిగిందో తేలదు. ఉపవాసంలో నొప్పి తగ్గినట్లు అనిపించినా మందు మానరాదు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మాత్రలను ఎలా సర్దాలో నెల ముందే వైద్యుని అడగాలి. ఉపవాసం హాని చేస్తుందని ఆయన చెబితే, రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడంలో సంకోచం అవసరం లేదు. అలాగే, అనారోగ్యం వల్ల ఒక పదార్థానికి దూరంగా ఉండటం జాగ్రత్త. ఏ రుజువూ లేకుండా హలాల్ ఆహారాన్ని జీవితాంతం తనకు తాను నిషేధించుకోవడం జాగ్రత్త అనిపించుకోదు.

ఇంటివారి వంతు

చివరిమాట కుటుంబానికి. ఈ రోగానికి గురయ్యేది ఎక్కువగా వండిపెట్టే చెయ్యి. అందరికీ బఘారా బైగన్ వండి, తనకు మాత్రం విడిగా సొరకాయ ఉడికించుకునే స్త్రీ ఎన్ని వారాలు పథ్యం నిలుపుకోగలదు? పరీక్ష జరిగే ఆ కొద్ది వారాలూ ఇల్లంతా ఒకే వంట తినడం పెద్ద త్యాగమేమీ కాదు. ఉదయం ఆమె వేళ్ళు కదిలే వరకు పిండి కలపడం, బట్టలు పిండటం, బిందె ఎత్తడం మగవారు, పిల్లలు చేయాలి. లెక్క రాసే నోటుపుస్తకం ఒకరు పట్టుకోవాలి. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళే రోజు ఒకరు సెలవు పెట్టుకోవాలి.

ఇప్పటికే ఏవో పదార్థాలు మానివేసి కాలం గడుపుతున్న సోదరీమణులు ఈ వారమే ఒక కాగితం మీద ఆ పదార్థాల పేర్లు రాయండి. ఒక్కొక్క పేరు పక్కన, ఎవరు మానమన్నారో, మానిన తరువాత ఏమి తగ్గిందో రాయండి. ఏమీ తగ్గలేదని రాయవలసి వచ్చిన పేర్లన్నింటినీ వైద్యునికి చూపించి, ఒక్కొక్కటిగా వంటింట్లోకి తిరిగి పిలవండి. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక.