సంపాదకుని మాట: ఈనెలు చూసిన చేయి

ప్రాథమిక పాఠశాలలో చిత్రకళా ప్రదర్శన అనగానే చార్టులు, ముఖ్య అతిథి, ఫొటోలు గుర్తొస్తాయి. బొమ్మ పాఠంలో భాగమైతే కథ వేరు. మొక్కజొన్న ఆకును ముందు పెట్టి గీయమంటే, మందారాకుకు ఉన్నట్టు ఈనెలను వలలా అల్లేసే పిల్లలుంటారు. సమాంతర ఈనెల నిర్వచనం గడగడా అప్పజెప్పిన పిల్లే అలా గీయొచ్చు. పరీక్ష పేపరులో దొరకని లోపం గీతలో దొరికిపోతుంది. ఇక జ్ఞాపకం సంగతికొస్తే, 2016లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, రాసుకున్న పదాల కంటే బొమ్మ గీసిన పదాలే ఎక్కువ గుర్తున్నాయి. పాల్గొన్నవారు కాలేజీ విద్యార్థులు లెండి. చిన్నపిల్లలకూ అంతేనని దీన్నిబట్టి చెప్పేయలేం.

‘బొమ్మలేస్తే లెక్కల్లో మార్కులొస్తాయా?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ హామీ ఇవ్వకూడదు. పరిశోధకులు ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ 2000లో పాత అధ్యయనాలను జల్లెడపట్టి, చిత్రకళ వల్లే చదువు మెరుగుపడిందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. కళకు మార్కుల ఆశ చూపి గిరాకీ తేవడం నాకు మొదటినుంచీ నచ్చదు. సిలబస్ పూర్తికాదన్న టీచర్ల బాధ మాత్రం నిజమే. అయితే ఆకు గీయడం పాఠానికి అదనం కాదు, అదే పాఠం. చుక్కల ముగ్గును సగం వేసి మిగతా సగం పూర్తిచేయమంటే సౌష్ఠవం పాఠం అక్కడే నడుస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం కళలతో కలిపి బోధించమన్నదీ ఇందుకే. కాబట్టి ప్రదర్శనలో టీచరు దిద్దిన నున్నటి బొమ్మ ఒక్కటే పెట్టొద్దు. వల ఈనెల మొదటి ఆకునూ పక్కనే అంటించండి.