పెద్దవాళ్ళకో చిన్నిల్లు

చిన్నిల్లు అనగానే ముసిముసిగా నవ్వుతున్నారు కదూ? కొందరు మగవాళ్ళ పుణ్యమా అని ఆ మాటకి చెడ్డపేరు వచ్చింది గానీ, ఈ వారం నేను చెప్పబోయే చిన్నిల్లు వేరు. ఇది ఇల్లాలే ముందుండి కట్టించుకోవలసిన చిన్నిల్లు! పెద్దింటి పక్కనే, అదే ప్రహరీ లోపల, అత్తమామలకో అమ్మానాన్నలకో కట్టే ఒంటిగది ఇల్లన్నమాట.

మా కొత్తూరు మీలో చాలామంది చూసే ఉంటారు. శంషాబాద్ దాటి బెంగుళూరు హైవే మీద వస్తుంటే తగులుతుంది. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచి మా వైపు భూమి లెక్కే మారిపోయింది. ఎకరాల్లో మాట్లాడుకునేవాళ్ళం గజాల్లో మాట్లాడుకుంటున్నాం. పశువుల కొట్టం ఉన్నచోట కారు నిలబడింది, పెంకుటిల్లు ఉన్నచోట డాబా లేచింది. ఇల్లు కొత్తదయింది గానీ ఇంట్లో పెద్దవాళ్ళు పాతవాళ్ళే కదా! ఎత్తు మెట్లు ఎక్కలేరు, నున్నటి టైల్సు మీద నడవలేరు. కొడుక్కి నైటు డ్యూటీ, పగలు పడుకుంటాడు, గట్టిగా దగ్గకూడదు. మనవరాలికి పరీక్షలు, టీవీ పెట్టకూడదు. చివరికి గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, అదే వాళ్ళ చోటు.

ఇక అన్నదమ్ములు వేరుపడిన ఇళ్ళల్లో అయితే 'వంతులు'. ఈ నెల పెద్దోడింట్లో, వచ్చే నెల చిన్నోడింట్లో. ఒక సంచీలో నాలుగు బట్టలు, మందుల డబ్బా, కళ్ళజోడు. 31 రోజుల నెల వస్తే ఆ ఒక్క రోజు ఎవరి ఖాతాలోదని వాదులాడుకున్న కోడళ్ళను కూడా చూశాను. తన ఊళ్ళోనే, తను పుట్టించిన పిల్లల మధ్యనే ఆ మనిషికి తనదనే గడప లేకుండా పోయిందంటే ఎంత అన్యాయం చెప్పండి!

అందుకే నాలుగేళ్ళ క్రితం మా పెరట్లో అత్తమ్మ కోసం ముగ్గు పోయించాం. అది చూసి అత్తమ్మ ఏమన్నదో తెలుసా? "ఏంది బిడ్డా, నన్ను ఎల్లగొట్టనీకా ఇది?" అన్నది. వీధిలో ఇద్దరు ముగ్గురు "అత్తను బయట పెడుతున్నదట" అని చెవులు కొరుక్కున్నారు కూడా. నేనేమీ వాదించలేదు. "అత్తమ్మా, తలుపు ఎటు పెట్టమంటవో, పొయ్యి ఏడ పెట్టమంటవో నువ్వే చెప్పు. మేస్త్రీ నువ్వు చెప్పినట్టే కడతడు" అన్నాను. ఆ మరునాటి నుంచి కుర్చీ వేసుకుని కూర్చుని మేస్త్రీని ఊపిరి తీసుకోనివ్వలేదు! పాలు తనే పొంగించింది. తాళంచెవి తన బొడ్లో దోపుకుంది. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి తన చాయ్ తను పెట్టుకుంటుంది, ఎవరి నిద్రా చెడదు. వారానికి రెండుసార్లు జొన్నరొట్టెలు చేసి మనవలని పిలుస్తుంది. అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకోటుంది. మా ఆడబిడ్డ వచ్చినప్పుడు తల్లి దగ్గరే పడుకుని రాత్రంతా కబుర్లు చెప్పుకుంటుంది. నా గురించి కూడా చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి! తల్లీకూతుళ్ళు చాటుగా మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉండాలి కదా.

అయితే ఎంత దూరంలో కట్టాలి? దీనికి భలే కొలత ఒకటుంది, మన వంటింటి కొలతే. ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్ అనే ఊళ్ళో షెల్డన్ అనే డాక్టరుగారు ముసలివాళ్ళు ఎలా బతుకుతున్నారో వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పరిశీలించి 1948లో పుస్తకం వేశారు. పిల్లలు 'దగ్గర్లోనే' ఉన్నారని ఎప్పుడు అనుకోవాలి? వండిన భోజనం మళ్ళీ వేడి చేయనక్కర్లేకుండా మోసుకెళ్ళగలిగేంత దూరంలో ఉంటేనట! జపానువాళ్ళు దీన్నే 'సూపు చల్లారని దూరం' అంటారు. మన భాషలో చెప్పాలంటే చారు చల్లారని దూరం. అంతకంటే దూరమైతే పలకరింపులు తగ్గుతాయి. మరీ ఒకే వంటింట్లోనైతే గిన్నెలు మోగుతాయి.

ఇదేదో కొత్త ఫ్యాషను అనుకోకండి. జపానులో ఇంటి పెత్తనం పెద్దకొడుక్కి అప్పగించి, అదే ఆవరణలోని చిన్నింట్లోకి మారిపోయే ఆచారం పూర్వం నుంచీ ఉంది. దాన్ని 'ఇన్‌క్యో' అంటారు. అమెరికాలోనూ ఇలాంటి ఇంటిని 'అత్తగారి ఇల్లు' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2017 నుంచి వీటికి అనుమతులు సులభం చేశారు. ఇక నార్వే, జర్మనీ దేశాల రైతులైతే మనకన్నా ముందుచూపున్నవాళ్ళు. పొలం కొడుక్కి అప్పగించేటప్పుడే తల్లిదండ్రులకు వేరే ఇల్లో గదో, ఏడాదికి ఇంత ధాన్యం, ఇన్ని పాలు, ఇన్ని కట్టెలు అని కాగితం మీద రాయించుకునేవారు. కన్నకొడుకు దగ్గర కాగితమేమిటని ముక్కున వేలేసుకోకండి. ఆ సంగతికి చివర్లో వస్తాను. ముందు కట్టుబడి చూద్దాం.

పెద్ద స్థలమేమీ అక్కర్లేదు. 12 అడుగులకు 12 అడుగుల గది, దాని వెనక 5 అడుగులకు 8 అడుగుల బాత్రూము, మిగిలినచోట చిన్న వంటగట్టు, ముందు 5 అడుగుల వసారా. గోడలతో కలిపి 40 గజాల్లో సరిపోతుంది. ఈ కింది సంగతులు మాత్రం మేస్త్రీకి వదిలేయకుండా మీరే దగ్గరుండి చూసుకోండి.

పైకప్పు: ఖర్చు తగ్గుతుందని రేకులు వేస్తుంటారు. మన ఏప్రిల్, మే నెలల ఎండలకు రేకుల కింద పెద్దవాళ్ళు ఉండలేరు. స్లాబే వేయించి పైన తెల్లటి కూల్ పెయింటు కొట్టించండి. అది ఎండను వెనక్కి కొడుతుంది, లోపల వేడి తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది.

గుమ్మం: తలుపు 3 అడుగుల వెడల్పు ఉండాలి. రేపు వీల్‌చెయిర్ అవసరమైతే గోడ పగలగొట్టుకోనక్కర్లేదు. మెట్ల బదులు వాలు కట్టించండి. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు వాలు కావాలి. అంతకంటే నిలువుగా ఉంటే కుర్చీ తోసేవాళ్ళకు ఆయాసం, దిగేవాళ్ళకు ప్రమాదం. అందుకే పునాది మరీ ఎత్తు లేపకండి, వాననీళ్ళు రాకుండా ఉంటే చాలు. గడపకు పసుపు రాసుకోవడానికి పలచటి చెక్క పెట్టించుకోవచ్చు.

బాత్రూము: పెద్దవాళ్ళు ఎక్కువగా పడేది ఇక్కడే. గరుకు టైల్సు, కుర్చీలా కూర్చునే కమోడు, దాని పక్క గోడకు గట్టి స్టీలు కడ్డీ తప్పనిసరి. ఆ కడ్డీ మనిషి బరువు ఆపాలి, తువ్వాలు ఆరేసుకునే కడ్డీ పనికిరాదు. తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టించండి. లోపల మనిషి పడిపోతే తలుపుకే అడ్డం పడతారు, లోపలికి తెరుచుకునే తలుపు తోయలేం. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేది ఉండాలి.

రాత్రి సంగతి: మంచం నుంచి బాత్రూము దాకా కింద చిన్న బెడ్‌లైటు వెలుగుతూ ఉండాలి. మంచం పక్కన ఒక బెల్లు స్విచ్చి, దాని మోత పెద్దింట్లో మీ పడకగదిలో వినపడాలి. మీ వంటింటి కిటికీలోంచి వాళ్ళ గుమ్మం కనపడేట్టు చూసుకుంటే ఇంకా మంచిది. పొద్దున్నే తలుపు తీశారా లేదా అన్నది పోపు వేస్తూనే తెలిసిపోతుంది.

వాస్తు చూసే ఆయన్ని అడగండి, కాదనను. కానీ నీడ, నీళ్ళ పైపు, డ్రైనేజీ వాలు కూడా ఆయనతో పాటే చూసుకోండి. పునాది తవ్వకముందే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అనుమతి సంగతి కనుక్కోండి. మాది కూడా మున్సిపాలిటీ అయ్యి, 2021 ఏప్రిల్‌లో మొదటి ఎన్నికలు జరిగాయి. పంచాయతీ రోజుల్లోలా గోడ లేపేసి తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

ఇప్పుడు కాగితం సంగతి. మా వైపు చూస్తున్నదే చెబుతున్నాను. భూమి ధర పెరిగాక "అమ్మా, నీకు వెనక గది కట్టిస్తాం, స్థలం మా పేర రాసెయ్" అంటారు. తల్లి నమ్మి వేలిముద్ర వేస్తుంది. కొన్నాళ్ళకు ఆ గది కిరాయికి పోతుంది, తల్లి మంచం మెట్ల కిందకి వస్తుంది. గజం ధర తెలిసిన ఊళ్ళో కిరాయి లెక్క ఎవరికి తెలియదు?

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఇందుకోసమే ఉంది. 60 ఏళ్ళు నిండినవాళ్ళు తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే, ఆ రాసివ్వడం రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. ట్రిబ్యునల్ అంటే బెదిరిపోకండి, మన ఆర్డీఓగారే. మా కొత్తూరు వాళ్ళకు షాద్‌నగర్ ఆఫీసు. అయితే అలాంటి షరతు మీదే ఆస్తి రాసిచ్చారని రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఒక తల్లి గిఫ్టు రాసివ్వగా చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితాన్ని కూడా పరిగణించి, ఈ చట్టాన్ని పెద్దవాళ్ళ మేలు కోరి ఉదారంగా చూడాలంటూ ఆ గిఫ్టు రద్దు చేసింది. కాబట్టి మాట ఒక్కటే చాలదు. 'ఈ గదిలో అమ్మ బతికున్నంత కాలం ఉంటుంది, తిండీ మందులూ మేము చూస్తాం' అన్న రెండు ముక్కలు దస్తావేజులోనే రాయించండి. అసలు బతికుండగా రాసివ్వకుండా వీలునామాతో సరిపెట్టుకుంటే మరీ మంచిది. పోషించే బాధ్యత కొడుకుతో పాటు కూతురికీ ఉందని ఆ చట్టమే చెబుతోంది. అందుకని ఆ చిన్నిల్లు కూతురింటి పక్కన కట్టినా నామోషీ ఏమీ లేదు. కష్టంలో ఉన్న పెద్దవాళ్ళు 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగొచ్చు.

ఒక్క హెచ్చరిక. మతిమరుపు బాగా ముదిరినవాళ్ళనీ, రాత్రిళ్ళు లేచి తడబడేవాళ్ళనీ చిన్నింట్లో ఒంటరిగా ఉంచకండి. అక్కడ ఇంకొకరు పడుకోవాలి, లేదా వాళ్ళనే పెద్దింట్లోకి తెచ్చుకోవాలి. దంపతుల్లో ఒకరు పోయినప్పుడు మిగిలినవాళ్ళను కొన్నాళ్ళు మన దగ్గరే పడుకోబెట్టుకోవాలి. చిన్నిల్లు కట్టించాం, మన పని అయిపోయిందని చేతులు దులుపుకునేవాళ్ళకు అది ఇల్లు కాదు, సామాన్ల గది.

తేడా గోడల్లో లేదు సోదరీమణులారా! తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారు, మీరు లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు తట్టి వెళ్తున్నారా లేదా, అక్కడుంది తేడా. మనకీ ఆ వయసు వస్తుంది. మన కోడళ్ళు మనం చేసేదంతా చూస్తూనే ఉన్నారు.

మీ పెరట్లో ఓ నలభై గజాలు ఖాళీగా ఉంటే, మేస్త్రీని పిలవకముందు పెద్దవాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. "నీ తలుపు ఎటువైపు పెట్టమంటావు?" అని అడగండి. జవాబు వచ్చాకే ముగ్గు పోయించండి.