కాల్ పూర్తయితే వైద్యం పూర్తయినట్టేనా?

గ్రామీణ టెలీవైద్యానికి రెండు కొసలుంటాయి. ఒక కొసన నగరంలోనో జిల్లా కేంద్రంలోనో కంప్యూటర్ ముందు కూర్చున్న డాక్టర్ ఉంటారు. దాన్ని హబ్ అంటారు. రెండో కొసన ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్ ఉంటుంది, తెలంగాణలోనైతే పల్లె దవాఖానా. గత ఆదివారం ఈ పత్రిక అనుబంధంలో వచ్చిన కథనం మొదటి కొస దగ్గరే ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు తగిలించుకున్న డాక్టర్ల ఫొటో వేసి, పల్లెకూ స్పెషలిస్టుకూ మధ్య ఇక దూరమే లేదని తేల్చేసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్ పోస్టుల ఖాళీల గురించి ఇకమీదట అంత బెంగ అక్కర్లేదని కూడా సెలవిచ్చింది. ఈ లేఖకు కారణం ఆ వాక్యమే.

తెలుగు నేలకు టెలీవైద్యం కొత్త కాదు. 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండను చెన్నైలోని అపోలో ఆస్పత్రితో ఉపగ్రహం ద్వారా కలిపారు. ప్రభుత్వ రంగంలో అసలైన విస్తరణ ఈ-సంజీవనితో వచ్చింది. మొహాలీలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన ఈ వ్యవస్థను 2019 నవంబరులో దేశంలో అందరికంటే ముందు అమల్లోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఊరి క్లినిక్‌లోని ఎమ్మెల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) రోగికి బీపీ, షుగర్ చూసి, వివరాలు నమోదు చేసి, వీడియోలో హబ్ డాక్టర్‌కు చూపిస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే ఓపీడీ సేవ కూడా మొదలైంది. దానికి ముందు నెల 25న కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. రోగిని స్వయంగా పరీక్షిస్తే తప్ప జబ్బు తేలదనుకున్నప్పుడు తెర మీద వైద్యం సాగించకూడదని, నేరుగా చూపించుకునే ఏర్పాటు జరగాలని వాటిలో ఉంది. కథనంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

టెలీవైద్యం పనికొచ్చే చోట బాగానే పనికొస్తుంది. అదుపులో ఉన్న బీపీ, షుగర్‌కు పాత మందులే కొనసాగించాలన్నా, రిపోర్టు చూపించి సలహా అడగాలన్నా పట్నం దాకా పోనక్కర్లేదు. మనసు బాగోనివారికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే చాలు, నలుగురి కంటా పడకుండా మాట్లాడుకోవచ్చు. గుండెపోటు వచ్చిన మనిషి ఈసీజీని దూరాన ఉన్న కార్డియాలజిస్టుకు పంపి, ఆయన చెప్పిన వెంటనే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ వేస్తే ప్రాణం నిలవవచ్చు. కానీ అక్కడ ఈసీజీ యంత్రం, ఇంజెక్షన్, దాన్ని వేయగల చెయ్యి, మూడూ రోగి పక్కనే ఉంటాయి. దూరంగా ఉండేది సలహా ఒక్కటే.

ఆ మూడూ లేనిచోట ఏం జరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. మెట్ట ప్రాంతంలోని ఒక ఊళ్లో డెబ్బై దాటిన పెద్దావిడకు చాన్నాళ్లుగా షుగర్. అరికాలిలో పుండు లేచింది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో చాలామందికి పాదాల్లో నరాలు మొద్దుబారతాయి, ముల్లు దిగినా నొప్పి తెలియదు. పైకి చిన్న పుండులా కనిపిస్తున్నా లోపల ఎముక దాకా చీము పట్టి ఉండవచ్చు. అందుకే డాక్టర్ పాదం మీద నాడి పట్టి చూస్తారు, చుట్టూ నొక్కుతారు, కట్టు విప్పి వాసన చూస్తారు. ఆవిడను క్లినిక్‌కు తీసుకెళ్తే కాల్ కలపడానికి ముందు ఓటీపీ అడిగింది. అది వెళ్లింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఫోన్‌కు. ఆ కొడుకే ఈ లేఖ రాస్తున్న పాఠకుడు.

ఆయన నంబరు చెప్పాక కాల్ కలిసింది, బొమ్మ మాత్రం నిలవలేదు. సిగ్నల్ కోసం ఎమ్మెల్‌హెచ్‌పీ ట్యాబ్ పట్టుకుని వరండా చివరికి నడిస్తే, పెద్దావిడ కాలు ఈడ్చుకుంటూ వెనకాలే వెళ్లింది. తెర మీద పుండు గోధుమరంగు మరకలా కనపడింది. అవతలి డాక్టర్ మర్యాదగానే మాట్లాడి యాంటీబయాటిక్ రాశారు. అది క్లినిక్‌లో లేదు, బయట కొనుక్కోమన్నారు. తర్వాతి కాల్‌లో వేరే డాక్టర్ వచ్చి, ‘‘ఏంటమ్మా ప్రాబ్లం?’’ అని మళ్లీ మొదటి నుంచి అడిగారు. ఎప్పటినుంచి షుగర్, ఏం మందులు, అంతా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చివరికి పట్నం తీసుకెళ్తే అక్కడి సర్జన్ కట్టు విప్పి, బొటనవేలితో నొక్కి, చీము చూపించారు. కాలి వేలు ఒకటి తీసేయాల్సి వచ్చింది. ముందే పంపితే పోయేది కాదన్నారు. ‘‘ఫోన్లో వాసన రాదు కదా నాయనా’’ అని పెద్దావిడే ఆ డాక్టర్లను వెనకేసుకొచ్చింది. లెక్కల్లో మాత్రం ఆ కాల్స్ అన్నీ దిగ్విజయంగా పూర్తయిన కన్సల్టేషన్లే! కథనం పొంగిపోయి ప్రచురించిన అంకెల్లో అవీ కలిసే ఉంటాయి.

తప్పు ఆ ఎమ్మెల్‌హెచ్‌పీది కాదు. గర్భిణుల నమోదు, టీకాలు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. డాక్టర్ మందు రాసినంత మాత్రాన అది అలమరలోకి వచ్చి పడదు. పట్నం పంపమని ఎవరైనా చెప్పినా, ఎవరు తీసుకెళ్లాలి, అక్కడ ఎవరు చూడాలి అన్నది ఎవరి బాధ్యతా కాదు.

అందని చోటికి పంపే ఇలాంటి సలహాలే ఈ పత్రిక ఆరోగ్య పేజీలోనూ ఉంటాయి. పాఠకులు ఏం అడిగినా అక్కడ దొరికే జవాబు ఒక్కటే: దగ్గర్లోని ఎండోక్రినాలజిస్టును కలవండి, దగ్గర్లోని వాస్క్యులర్ సర్జన్‌ను కలవండి. మండల కేంద్రంలో ఎంబీబీఎస్ డాక్టర్ దొరకడమే గగనమైనప్పుడు ఆ ‘దగ్గర్లోని’ సర్జన్ ఏ వీధిలో ఉంటారో కూడా అచ్చేస్తే పుణ్యముంటుంది. ఆ జవాబు కిందే షుగర్‌ను వేళ్లతో సహా పెకలించేస్తామనే మూలికల ప్రకటన ఉంటుంది. డయాబెటిస్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. డాక్టర్ లేని ఊళ్లో ఆ ప్రకటనను నమ్మి మందులు మానేసేవాళ్లున్నారు.

ఇక పోస్టుల ఖాళీల సంగతి. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉండాలన్నది జాతీయ ప్రమాణం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లుండాలని నిర్దేశించింది. ఒకరు కేంద్రంలో ఓపీ చూస్తుంటే, రెండోవారు 104 సంచార వైద్య వాహనంలో ఊళ్లకు వెళ్లాలి. ఆ రెండు పోస్టుల్లో ఒకటి ఖాళీ అయితే ఓపీ అయినా ఆగాలి, ఊరి పర్యటన అయినా ఆగాలి. కాలు పట్టుకుని చూడాల్సింది ఈ పీహెచ్‌సీ డాక్టరే. తెర మీది డాక్టర్ నేరుగా చూపించుకోమంటే రోగి వెళ్లాల్సిందీ ఆయన దగ్గరికే. ఆయన లేకపోతే ఆ సలహాకు అర్థం లేదు.

టెలీవైద్యాన్ని కాల్స్ సంఖ్యతో కొలవడం మానాలి. రాసిన మందు అదే క్లినిక్‌లో ఎందరికి అందింది, పైఆస్పత్రికి వెళ్లమన్నవారిలో ఎందరు నిజంగా చేరారు, రెండోసారి చూసిన డాక్టర్‌కు మొదటి చీటీ కనపడిందా అన్నవి లెక్కకు రావాలి. ఈసారి విలేకరిని హబ్‌కు కాకుండా ఊరి క్లినిక్‌కు పంపి ఈ మూడూ అడిగించాలని, డాక్టర్ పోస్టుల ఖాళీలపై రాసిన వాక్యాన్ని పత్రిక సవరించుకోవాలని మనవి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్