తమ్ముడు మాత్రలు మానవచ్చా?

ఈ నెల ఒక సోదరి వ్రాసిన ఉత్తరానికి జవాబు ఇస్తున్నాము. ఇలాంటి సందేహం చాలా ఇళ్ళలో ఉంటుంది గాని పైకి అడిగేవారు తక్కువ. అందుచేత పేరు, ఊరు లేకుండా అందరికీ ఉపయోగపడేలా వ్రాస్తున్నాము.

ఆ సోదరి ప్రశ్న ఇది: "మా పెదనాన్న కొడుకు హెచ్.ఐ.వి. సోకిన నాలుగేళ్ళకే చనిపోయాడు. మాకు తెలిసిన మరొకాయన మందులు లేకుండానే పదిహేనేళ్ళు ఆరోగ్యంగా తిరిగాడు. ఇప్పుడు మా తమ్ముడికీ ఉంది. ఆరేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నాడు. మొన్నటి పరీక్షలో వైరస్ కనబడలేదన్నారు. అప్పటినుండి 'నా ఒంట్లోనే తట్టుకునే శక్తి ఉంది' అంటూ వారంలో రెండు మూడు రోజులు మానేస్తున్నాడు. ఒకే జబ్బు మనిషికో విధంగా ఎందుకుంటుంది? వాడు చెప్పేది నిజమేనా?"

ప్రియ సోదరీ, మనిషికీ మనిషికీ తేడా ఉన్నమాట నిజమే. దానికి కారణం కొంత మనిషిలోను, కొంత వైరస్‌లోను ఉంది. అయితే మీ తమ్ముడు దాని నుండి తీసిన అర్థం మాత్రం ప్రమాదకరమైనది. ఎందుకో చూద్దాం.

మన శరీరాన్ని నడిపించడానికి సుమారు 20,000 జన్యువులు ఉన్నాయి. హెచ్.ఐ.వి.కి ఉన్నవి 9 మాత్రమే. వాటిలో మూడు ముఖ్యమైనవి. గాగ్ అనే జన్యువు లోపలి పెంకును, ఎన్వ్ పైపొరలోని ముళ్ళను, పోల్ పనిముట్లను తయారుచేస్తాయి. మిగిలిన ఆరు సహాయకులు. వాటిలో విఫ్ పని వినండి. మన కణాలలో వైరస్ వ్రాతను చెడగొట్టే ఒక కావలి ప్రోటీన్ ఉంది. విఫ్ ఆ కావలివాణ్ణి నాశనం చేయిస్తుంది. నెఫ్ అనేది ఇంకా జిత్తులమారి. వైరస్ ప్రవేశించిన కణం "నాలో శత్రువు ఉన్నాడు" అని తన పైభాగంలో ఒక గుర్తును చూపిస్తుంది. నెఫ్ ఆ గుర్తును లోపలికి లాగేస్తుంది. అప్పుడు మన రక్షక కణాలు దాన్ని సులభంగా పోల్చుకోలేవు.

నెఫ్ లేకపోతే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఇది కళ్ళకు కట్టినట్టు కనబడింది. రక్తానికి హెచ్.ఐ.వి. పరీక్ష లేని రోజులలో, అనగా 1985కు ముందు, ఒకే దాత రక్తం ద్వారా ఎనిమిది మందికి ఈ వైరస్ సోకింది. దాతగాని, రక్తం పొందినవారుగాని ఎన్నో ఏళ్ళు ఎయిడ్స్ లక్షణాలు లేకుండా ఉన్నారు. వారిలోని వైరస్‌లో నెఫ్ జన్యువు భాగం తెగిపోయి ఉందని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఇక్కడితో ఆగితే మీ తమ్ముడి మాట నిజమనిపిస్తుంది. కాని కథ ఇంకా ఉంది. ఆ దాతలోను, రక్తం పొందినవారిలో కొందరిలోను సి.డి.4 కణాలు మెల్లగా తగ్గుతున్నాయని 1999లో వెల్లడైంది. కోరలు ఊడిన పాము కూడా కాలం గడిచేకొద్దీ కాటు వేసింది.

మనిషి వైపు కూడా తేడా ఉంది. బి 57 అనే ఒక రకం గుర్తును పుట్టుకతోనే పొందినవారు కొందరున్నారు. వారి రక్షక కణాలు వైరస్‌ పెంకులో సరిగ్గా అది మార్చుకోలేని చోటనే దెబ్బ కొడతాయి. మార్చుకుంటే వైరస్ బలహీనపడుతుంది. అయినా మందులు లేకుండా వైరస్‌ను పూర్తిగా అణచి ఉంచగలవారు నూటికి ఒక్కరు కూడా ఉండరు. మీ తమ్ముడి విషయంలో వైరస్‌ను అణచినది మాత్రలని గుర్తుంచుకోండి.

ఇక మాత్రలు అప్పుడప్పుడు మానితే ఏమవుతుంది? ఈ వైరస్ తన జన్యువ్యాసాన్ని చూచివ్రాత వ్రాసుకుంటూ పెరుగుతుంది. అందులో సుమారు 9,700 అక్షరాలుంటాయి. ఆ వ్రాసే ఎంజైమ్‌కు వ్రాసినదాన్ని సరిచూసుకునే అలవాటు లేదు. సుమారు మూడు ప్రతులకు ఒక తప్పు దొర్లుతుంది. చికిత్స లేని మనిషిలో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల వైరస్‌లు పుడతాయి. అన్ని కోట్ల తప్పులలో ఏదో ఒకటి దానికి కలిసివస్తుంది. లామివుడిన్ అనే మందునే తీసుకోండి. ఆ ఎంజైమ్‌లో 184వ స్థానంలో ఒక్క మార్పు జరిగితే చాలు, ఆ మందు పనిచేయదు. ఆ మందును ఒంటరిగా ఇచ్చినప్పుడు కొద్ది వారాలలోనే ఈ మార్పు కనబడేది. అందుకనే 1996 నుండి మూడు మందులు కలిపి ఇస్తున్నారు. ఒకేసారి మూడింటినీ తప్పించుకోవడం వైరస్‌కు చాలా కష్టం. మందులు క్రమంగా రక్తంలో ఉంటే చూచివ్రాతే ఆగిపోతుంది. వ్రాత లేకపోతే తప్పులూ లేవు.

వారంలో రెండు మూడు రోజులు మానితే మందు పలచబడుతుంది, వ్రాత మళ్ళీ మొదలవుతుంది. అరకొర మందులో బతికి బయటపడేది మందుకు లొంగని రకమే. "వైరస్ కనబడలేదు" అంటే పోయిందని కాదు. అది కొన్ని కణాలలో నిద్రపోతూ ఉంటుంది. మాత్రలు పూర్తిగా మానినవారిలో అత్యధికులకు కొద్ది వారాలలోనే తిరిగి వస్తుంది.

మీ తమ్ముణ్ణి గద్దించకండి. ఎందుకు మానుతున్నాడో ముందు అడగండి. మాత్రల డబ్బా ఎవరైనా చూస్తారనే భయమా? ప్రయాణాలా? విసుగా? కారణం తెలిస్తే ఉపాయం దొరుకుతుంది. మీరిద్దరూ కలిసి ఎ.ఆర్.టి. కేంద్రానికి వెళ్ళి, ఎన్ని రోజులు మానాడో దాచకుండా చెప్పండి. వైరల్ లోడ్ పరీక్ష మళ్ళీ చేయమని అడగండి. మన దేశంలో 2004 నుండి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తున్నది. ఒక పూట మరచిపోతే గుర్తురాగానే వేసుకోవాలి గాని, మరునాడు రెండు కలిపి వేసుకోకూడదు.

అతనికి ఒక మంచి మాట కూడా చెప్పండి. మాత్రలు క్రమంగా వాడుతూ వైరస్ కనబడని స్థితిలో ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా భార్యకు ఆ వైరస్ సోకదు. అతడు నిండు జీవితం జీవించవచ్చు. ఆ ధైర్యం మీద ఆశపెట్టుకొని, ఈ రాత్రి మాత్రతోనే తిరిగి మొదలుపెట్టమనండి.