మౌనమెల్ల వినయము కాదు

మన చిత్తూరు సీమలో నలుగురిలో నోరు విప్పని పిల్లను "అణకువ గలది" యని మెత్తురు. అట్టి పిల్లవానిని "మొద్దు" అని తిట్టుదురు. రెండును అన్యాయములే యని మేమందుము.

మౌనియైన ప్రతి బిడ్డయు రోగి కాడు. కాని వారముల తరబడి నిద్రయు, ఆకలియు, ఆటయు విడిచినవాని సంగతి వేఱు. విషాదము చూపును గూడ మార్చును. కుంగినవానికి మామూలు ముఖము విచారముతో నున్నట్లు దోచును. జనభీతి గలవాడు, ఉపాధ్యాయుడు గడియారము చూచిన, "నన్ను జూచి విసిగినాడు" అనుకొనును. ఆ తలపే తిరుగుచుండ పాఠమునకు చోటేది? దానికి మనము పెట్టిన పేరు సోమరితనము!

ఇది పాశ్చాత్యుల జబ్బని కొందఱందురు. భరతుడు 33 వ్యభిచారిభావములలో శంకను, దైన్యమును, చింతను, విషాదమును జేర్చియే యున్నాడు. "కృష్ణుడును అర్జునుని మందలింపలేదా?" యని యడుగుదురేమో. మందలించినది రెండు శ్లోకములలో. పిమ్మట 18వ అధ్యాయము వఱకు ఓపికతో సమాధానములు చెప్పెను. మన పెద్దలు మందలింపునొద్దనే యాగిరి.

2016లో వెలువడిన జాతీయ మానసికారోగ్య పరిశీలనము ప్రకారము, ఇట్టి సామాన్య మనోవ్యాధులు గలవారిలో నూటికి 85 మందికి చికిత్స అందలేదు. క్షయరోగులకు మదనపల్లె చెంత ఆరోగ్యవరము వెలసిన సీమ మనది. మనోవ్యాధికి మాత్రము తాయెత్తు చాలునా? 14416 సంఖ్యకు టెలిఫోను చేసిన, టెలి మానస్ వారు తెలుగులోనే ఉచితముగా సలహా చెప్పుదురు.

తలిదండ్రులారా, మార్కులెన్నియని యడుగు నోటితోనే, రాత్రి నిద్రపట్టినదా యని గూడ అడుగుడు.