పరీక్ష లేని మందు

కేన్సర్ చికిత్సకు వాడే మూడు ఖరీదైన విదేశీ ఔషధాలపై కేంద్ర ప్రభుత్వం 2024 జులై బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకాన్ని పూర్తిగా ఎత్తివేసింది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో మరో 36 ప్రాణరక్షక ఔషధాలకు ఆ వెసులుబాటు లభించింది. అదే ఏడాది సెప్టెంబరులో వస్తు సేవల పన్ను మండలి 33 ఔషధాలపై పన్నును 12 శాతం నుంచి సున్నాకు దించింది. వ్యాధి నిర్ధారణ కిట్లు, రసాయనాలపై మాత్రం 12 నుంచి 5 శాతానికి తగ్గించి ఊరుకుంది. ఇవన్నీ ఆహ్వానించదగిన నిర్ణయాలే. అయితే మందుకు సున్నా, పరీక్షకు అయిదు అన్న ఈ లెక్కలోనే పాలకుల దృష్టిలోపం బయటపడుతున్నది. పరీక్ష అనేది చికిత్సకు ముందు ముగిసిపోయే తతంగమే తప్ప చికిత్సలో భాగం కాదన్న పాతకాలపు భావన ఢిల్లీని ఇంకా వదలలేదు.

2024లో సుంకం రద్దయిన మూడు మందుల సంగతే చూడవచ్చు. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ ఇవ్వాలంటే కణితిలో హెర్2 అనే మాంసకృత్తు ఏ మేరకు ఉన్నదో ముందుగా తెలియాలి. ఒసిమెర్టినిబ్ పనిచేయాలంటే ఊపిరితిత్తుల కణితిలోని ఈజీఎఫ్ఆర్ జన్యువులో నిర్దిష్టమైన మార్పు ఉండాలి. దుర్వాలుమాబ్ విషయంలోనూ కొన్ని సందర్భాలలో పీడీ-ఎల్1 పరీక్ష అవసరమవుతుంది. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో, పనిచేస్తున్నదో లేదో చెప్పే ఇటువంటి ఆనవాళ్ళనే వైద్యులు బయోమార్కర్లు అంటున్నారు. తెలుగులో జీవసూచికలు అనవచ్చు.

జీవసూచికను చూడకుండా మందు వేస్తే డబ్బు వృథా కావడంతోనే నష్టం ఆగదు. తూర్పు ఆసియా దేశాలలో 1,217 మంది ఊపిరితిత్తుల కేన్సర్ రోగులపై జరిగిన ఐపాస్ అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. జన్యు పరీక్ష ఫలితం లభించిన వారిని విడదీసి చూస్తే, ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో గెఫిటినిబ్ మాత్రతో 71.2 శాతం మందికి కణితి తగ్గింది. ఆ మార్పు లేనివారిలో 1.1 శాతం మందికే తగ్గింది. వీరికే సాధారణ కీమోథెరపీ ఇచ్చినప్పుడు 23.5 శాతం మందిలో ఫలితం కనిపించింది. అంటే పరీక్ష జరపకుండా ఖరీదైన మాత్ర మింగించిన రోగికి, చవకైన మందుతో దక్కవలసిన అవకాశం కూడా దూరమవుతుందన్నమాట. మన దేశంలో ఎడినోకార్సినోమా తరహా ఊపిరితిత్తుల కేన్సర్ సోకినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ జన్యుమార్పు ఉంటుందని అంచనా. తక్కిన మూడు వంతుల మంది మాటేమిటి?

ఈ ప్రశ్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఖరిదా వంటి చోట నిలబడి అడిగితే దాని బరువు తెలుస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన తెలుగు కుటుంబాల మూడో తరం, నాలుగో తరం వారు అక్కడ ఉన్నారు. రైల్వే ఉద్యోగికీ, పింఛనుదారుకూ రైల్వే ఆస్పత్రి ఉంది. అక్కడ కుదరకపోతే పెద్ద ఆస్పత్రికి పంపే ఏర్పాటూ ఉంది. తాతకు దొరికిన కొలువు మనుమడికి దొరకలేదు. బజారులో చిన్న దుకాణం నడుపుకునేవాడికీ, గుత్తేదారు కింద దినకూలీకి పోయేవాడికీ ఆ ఆస్పత్రి గోడ అవతలి లోకమే. ఒకే ఇంట్లో తండ్రికి అందే పరీక్ష కొడుకుకు అందని పరిస్థితి రైల్వే కాలనీల చుట్టూ ఎక్కడైనా కనిపించేదే.

పక్కనే మేదినీపూర్‌లో వైద్య కళాశాల ఉన్నా, జన్యు పరీక్షల దాకా వెళ్ళవలసి వస్తే సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కలకత్తా వైపే చూడాలి. వెల్లూరుకో, ముంబయికో రైలెక్కేవారూ తక్కువేమీ కాదు. కణితి ముక్క తీసిన తరువాత పరీక్ష ఫలితం రావడానికి వారం, పది రోజులు, కొన్నింటికి అంతకు మించి పడుతుంది. ఇక ఆయుష్మాన్ భారత్ పథకం నియమాల ప్రకారం ఆస్పత్రిలో చేరడానికి ముందు మూడు రోజుల ఖర్చు, బయటకు వచ్చాక పదిహేను రోజుల ఖర్చు మాత్రమే భరిస్తారు. పశ్చిమ బెంగాల్ 2019లో ఈ పథకం నుంచి వైదొలగి నడిపిన స్వాస్థ్య సాథీకి కూడా ఆస్పత్రిలో చేరికే ప్రధాన ప్రాతిపదిక. మంచం ఎక్కితే గాని బీమా కదలదు. ఏ మందు ఇవ్వాలో తేల్చే పరీక్ష మాత్రం మంచం ఎక్కకముందే జరగాలి. ఈ పితలాటకం నియమావళి రాసినవారికి తెలియదనుకోలేము.

చికిత్స ముగిసిందని ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్నకు జీవసూచిక జవాబిచ్చిన తొలి ఘట్టంలో తెలుగువాడి ప్రమేయం ఉండడం విశేషం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల రూపొందించిన ఎమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను తాత్కాలికంగానైనా లొంగదీసిన వార్త 1948లో ప్రచురితమయింది. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను 1956లో మిన్ చియూ లీ అనే చైనీయ వైద్యుడు, రాయ్ హెర్జ్‌తో కలిసి అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో కోరియోకార్సినోమా సోకిన స్త్రీలకు ఇచ్చి చూశాడు. మాయ కణాల నుంచి పుట్టే ఈ కేన్సర్ హెచ్‌సీజీ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఎక్స్‌రేలో మచ్చలు మాయమైనా మూత్రంలో ఆ హార్మోను మిగిలి ఉంటే వ్యాధి మిగిలి ఉన్నట్టేనని లీ వాదించాడు. హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఆపలేదు. ఆరోగ్యంగా కనిపిస్తున్న మనిషికి ఇంకా విషం ఎక్కిస్తున్నాడన్న ఆరోపణతో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. త్వరగా మందు ఆపినవారికి వ్యాధి తిరగబెట్టింది. లీ పద్ధతిలో చికిత్స పొందినవారు నయమై నిలిచారు. 1972లో ఆయనకు లాస్కర్ పురస్కారం ఇచ్చి తప్పు దిద్దుకున్నారు. అప్పట్లో మందు కొత్తది కాదు, అంకెను నమ్మడమే కొత్త.

అటువంటి అంకె మీదనే నేడు ఒక రకం రక్తకేన్సర్ చికిత్స యావత్తూ నడుస్తున్నది. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాకు ఇమాటినిబ్ మాత్రను 2001లో అమెరికా అనుమతించింది. నోవార్టిస్ మందు నెలకు దాదాపు లక్షా ఇరవై వేల రూపాయలు పలుకుతున్న కాలంలో హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి కంపెనీల మందు ఎనిమిది, పది వేలకు దొరికింది. పేటెంటు వివాదం 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో నోవార్టిస్‌కు ప్రతికూలంగా ముగిసింది. మందు పేదవాడికి అందిందని దేశమంతా సంబరపడింది. సంబరం సమంజసమే. కాని ఆ మాత్ర వేసుకునే రోగి రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ అనే విపరీత జన్యువు పాళ్ళు మూడు నెలలకు 10 శాతం లోపుకు, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. దిగకపోతే మందు మార్చాలి. మందు చవకయినంతగా ఈ పరీక్ష చవక కాలేదు. ఏటా నాలుగుసార్లు పట్నం ప్రయాణం, కూలి నష్టం కలుపుకుంటే చాలామంది పరీక్షనే మానుకుంటారు. మాత్ర మింగుతూనే ఉంటారు, లోపల వ్యాధి ముదురుతూనే ఉంటుంది.

దీనికి మార్గం లేకపోలేదు. క్షయ నిర్ధారణ కోసం ప్రభుత్వం జిల్లాలలో నెలకొల్పిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాల తరహా పరికరం మీదనే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షకూ కార్ట్రిడ్జ్ లభిస్తున్నది. యంత్రం ఉన్నది, దానిని నడిపే మనిషి ఉన్నాడు. క్షయ విభాగానికీ, కేన్సర్ విభాగానికీ వేరువేరు పద్దులు ఉండడమే అడ్డంకి అయితే అది వైద్య సమస్య కాదు, గుమాస్తాగిరీ సమస్య.

అలాగని పరీక్షలన్నింటినీ కళ్ళు మూసుకుని ప్రజాధనంతో చేయించమని కాదు. అండాశయ కేన్సర్ తిరగబెట్టడాన్ని సీఏ-125 అంకె కొన్ని నెలల ముందే పసిగడుతుంది. కాని అంకె పెరిగిన వెంటనే చికిత్స ఆరంభించినందువల్ల ఆయుర్దాయం పెరగలేదని 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ స్త్రీలకు అదనంగా దక్కినది ఆందోళన, కీమోథెరపీ బాధలే. ఏ కణితికి ఏ కీమో మందు పనిచేస్తుందో జన్యువుల తీరును బట్టి చెప్పగలమని 2006లో ఆర్భాటంగా ప్రకటించిన డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధన తప్పుల తడక అని ఇతర గణాంక శాస్త్రజ్ఞులు బయటపెట్టాక, 2011లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. ఈలోగా రోగులపై ప్రయోగాలు కూడా జరిగిపోయాయి. ఒక్క రక్తపు చుక్కతో కేన్సర్ జాతకమంతా చెబుతామంటూ ప్రైవేటు ప్రయోగశాలలు ఇస్తున్న ప్రకటనలను చదివేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. రోగికి మేలు చేస్తుందని రుజువైన పరీక్షలేవో, కానివేవో విడదీసి జాబితా ప్రకటించే బాధ్యత భారత వైద్య పరిశోధన మండలిది.

మరో వెలితి కూడా ఉంది. పై సూచికలలో ఎక్కువ భాగం సంపన్న దేశాలలో ఎక్కువగా కనిపించే కేన్సర్ల కోసం పుట్టినవి. మన దగ్గర పేదల కేన్సర్ నోటి కేన్సర్. చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం పల్లెలలో అంగుడికి ఎంత చేటు చేస్తున్నదో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లోనే ఒక అధ్యయనం వివరించింది. ఆ సీమ నుంచి వలసపోయిన వారి మనుమలు ఇప్పుడు అడ్డపొగ మాని గుట్కా నములుతున్నారు. నోటిలోని ఏ తెల్లమచ్చ కేన్సర్‌గా మారుతుందో, ఏ రోగికి ఏ మందు పడుతుందో కచ్చితంగా చెప్పే సూచిక ఇంకా వైద్యుల చేతికి రాలేదు. ఖరిదాకు కూతవేటు దూరంలోని ఐఐటీలో వైద్యశాస్త్ర, సాంకేతిక విభాగం నోటి కేన్సర్‌కు ముందు దశలపై పరిశోధన సాగిస్తున్నది. అటువంటి కృషికి నిలకడగా నిధులు అందితే ఆ లోటు మన దేశంలోనే తీరే అవకాశం ఉంది.

మూడేళ్ళలో అన్ని జిల్లా ఆస్పత్రులలోనూ డేకేర్ కేన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామని, 2025-26లోనే 200 ప్రారంభిస్తామని 2025 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి హామీ ఇచ్చారు. ఈ కేంద్రాలకు కుర్చీలు, సెలైను సీసాలు సరఫరా చేసి సరిపెట్టరాదు. కణితి ముక్కను పాడుకాకుండా పెద్ద ప్రయోగశాలకు పంపి, ఫలితాన్ని నిర్ణీత గడువులో తెప్పించే బాధ్యతను వాటికే అప్పగించాలి. అందుకయ్యే ఖర్చును మందు ఖర్చుతో పాటు ఒకే పద్దు కింద బీమా పథకాలు భరించాలి. ఆస్పత్రిలో చేరడానికి ముందు మూడు రోజులు అన్న గడువును కేన్సర్ రోగుల విషయంలో కనీసం ముప్పై రోజులకు సవరించడానికి పార్లమెంటులో కొత్త చట్టమేమీ అక్కరలేదు, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ఒక ఉత్తర్వు జారీ చేస్తే చాలు.