నవగోప్యాలు – అరచేతిలోని యంత్రం

రాజమహేంద్రవరంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని, అంతర్జాలం తన జీవితంలోకి ఎంతవరకు ప్రవేశించినదో తెలుసుకోవడానికి విచిత్రమైన కొలమానాన్ని ఎన్నుకున్నది. చిన్నతనంలో తాతగారు నేర్పిన ఒక నీతిశ్లోకంలో, మనిషి ప్రయత్నపూర్వకంగా గోప్యంగా ఉంచుకోవలసినవి తొమ్మిది అని ఉన్నది: ఆయువు, విత్తం, ఇంటి లొసుగు, ఉపదేశమంత్రం, సేవించే ఔషధం, దాంపత్యం, చేసిన దానం, పొందిన మానం, పడిన అవమానం. వీటిలో తన ఫోనుకు తెలియనిది ఏదైనా మిగిలి ఉన్నదా అని ఆమె ఒకనాడు లెక్క చూసుకున్నది.

పుట్టిన తేదీ ఎన్నడో ఇచ్చివేసినది. విత్తం సంగతి, ఉదయం తాగిన తేనీటి నుండి బస్సు చార్జీ దాకా, యూపీఐ చిట్టాలో రూపాయి సహితంగా ఉన్నది. తల్లిగారి మాత్రలు ప్రతి నెలా ఆ ఫోనులోనే తెప్పిస్తున్నది గనుక ఔషధమూ తెలుసు. కార్తికమాసంలో అన్నదానానికి పంపిన 516 రూపాయలకు రసీదు సందేశరూపంలో వచ్చినది. దాని వెనుకనే ఎన్నడూ పేరు వినని సంస్థల నుండి విరాళాల అభ్యర్థనలు వచ్చినవి. అవివాహిత గనుక దాంపత్యం తనకు వర్తించదని అనుకున్నది. అయితే తండ్రిగారు ఆమె జాతకచక్రాన్ని, ఫోటోను, ఎత్తును పెళ్ళిసంబంధాల వెబ్‌సైటులో అప్పటికే నమోదు చేసి ఉన్నారు. ఉపదేశమంత్రంలోని ఒక అక్షరాన్ని సరిగా ఉచ్చరిస్తున్నానా అన్న సందేహంతో ఒకసారి వెతికినందుకు, ఆ దేవత పేరిట యంత్రపు రేకులు, తాయెత్తులు, వశీకరణ కంకణాలు తెరపై వరుసకట్టినవి. గురువు చెవిలో చెప్పిన మాట అంగడిలో వినబడినట్లు అనిపించినదట.

ఇంతవరకు ఆమెకు ఇది వినోదమే. ఇంటి లొసుగు దగ్గరకు వచ్చేసరికి వినోదం ముగిసినది.

ఆమె అక్కకు వివాహమై ఆరు సంవత్సరాలు. సంతానం లేదు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాలని తల్లి తలచి, వేళలూ టికెట్టు వివరాలూ చూడమని చిన్నకూతురికి చెప్పినది. ఆమె చూసినది, అక్క మీది ప్రేమతో సర్పదోషం గురించి, సంతానలేమి గురించి నాలుగైదు వీడియోలు కూడా చూసినది. సంక్రాంతికి అక్క అత్తవారింటికి వెళ్ళినప్పుడు, అన్నమాచార్య కీర్తనలు వినిపిద్దామని ఆ ఇంటి టీవీలో తన యూట్యూబ్ ఖాతా తెరిచినది. కీర్తన కంటె ముందు, తెర నిండా, పెద్ద అక్షరాలతో, పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేరా అనే బొమ్మలు నాలుగు వచ్చి నిలిచినవి. అత్తగారు కళ్ళజోడు సర్దుకొని ఆ అక్షరాలను పైకి చదివినది. హాలులో బంధువులు పదిమంది ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయినది.

ఇక్కడ దొంగతనం జరగలేదు. ఎవరూ తాళం పగులగొట్టలేదు. ఆ యంత్రం తన ధర్మాన్ని తాను నిర్వర్తించినది: చూసినదానిని గుర్తుంచుకొని, అటువంటిదే మరికొంత చూపినది. అది ఎవరి ఇల్లో, ఎదుట ఎవరు కూర్చున్నారో దానికి తెలియదు, తెలిసినా పట్టదు. సమయం, సందర్భం, పాత్రత అనే మూడింటినీ ఎరిగి మాట్లాడడమే వివేకమైతే, ఆ యంత్రానికి జ్ఞాపకం ఉన్నది గాని వివేకం లేదు.

ఈ సంగతి విన్న పెద్దలు సాధారణంగా చెప్పే ఊరట ఒకటి ఉన్నది. తప్పు చేయనివారికి దాపరికమెందుకు, సర్వేశ్వరుడు అన్నీ చూస్తూనే ఉన్నాడు గదా, అని. భక్తిగా వినిపించే ఈ మాట రెండు విధాల పొరపాటు.

మొదటిది. నవగోప్యాల పట్టికను మరొకసారి పరికించాలి. అందులో పాపం లేదు. ఆయువు పాపం కాదు, ఔషధం పాపం కాదు, దానమూ మంత్రమూ పుణ్యాలే. ధర్మశాస్త్రం పాపం విషయంలో తద్విరుద్ధంగా చెప్పినది: చేసిన పాపాన్ని నోరు విప్పి చెప్పుకోవడం శుద్ధికి ఒక మార్గమని మనుస్మృతి పదకొండవ అధ్యాయం విధించినది. అదే మనుస్మృతి నాలుగవ అధ్యాయంలో, దానం చాటుకొనడం వలన క్షీణిస్తుందని చెప్పినది. అనగా పెద్దల దృష్టిలో దాచవలసినది దోషాన్ని కాదు. గాలి తగిలితే వాడిపోయేదానిని. విత్తనాన్ని మట్టిలో దాచేది సిగ్గుపడి కాదు గదా. ఆ అక్క చేసిన తప్పేమిటో, ఆ ఊరట పలికేవారు ముందు చెప్పవలసి ఉన్నది.

రెండవది సూక్ష్మతరమైనది. ఈశ్వరుడు చూడడమూ వ్యాపారి చూడడమూ ఒకటేనా? వేదాంతంలో సాక్షి అన్న పదానికి నియతమైన అర్థమున్నది. ముండకోపనిషత్తు చెప్పిన రెండు పక్షులలో ఒకటి ఫలాన్ని భుజిస్తుంది, రెండవది భుజించక చూస్తుంది. ఆ రెండవదే సాక్షి. విద్యారణ్యులవారు పంచదశిలోని నాటకదీప ప్రకరణంలో సాక్షిని నాట్యశాలలోని దీపంతో పోల్చారు: ప్రభువునూ సభికులనూ నర్తకినీ సమంగా వెలిగిస్తుంది, అందరూ వెళ్ళిపోయినా తన పాటికి తాను వెలుగుతూనే ఉంటుంది. ఏ నర్తకిని ఎవరు ఎంతసేపు చూశారో ఆ దీపం లెక్క వ్రాసుకోదు, ఆ లెక్కను చెప్పులు అమ్మేవానికి విక్రయించదు. ఫలాపేక్షతో చూసేవాడు ఎంత నిశ్శబ్దంగా చూసినా వానికి సాక్షిత్వం సిద్ధించదు. సాక్షి ఎదుట కామం శమిస్తుంది. ఈ చూపు ఎదుట కామం పెంచబడుతుంది, ఎందుకంటే పెంచడానికే ఆ చూపు ఉన్నది. సర్వసాక్షి అన్న మాటను ఈ సందర్భంలో వాడేవారు భగవంతుని గౌరవిస్తున్నామని తలుస్తున్నారు, అంగడిని గర్భాలయంలోకి తెస్తున్నామని ఎరుగరు.

లౌకికశాసనం కూడా ఈ భేదాన్ని గుర్తించడానికి చాలాకాలం పట్టినది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై పోలీసులు నిఘా పెట్టిన వ్యవహారంలో, 1962లో సుప్రీంకోర్టు అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టడం చెల్లదన్నది గాని, అతని రాకపోకలను గమనించడాన్ని తప్పుపట్టలేదు. 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు ప్రత్యేక చట్టమే వచ్చినది. దాని ప్రకారం, సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, ఒక నిర్దిష్ట ప్రయోజనం కొరకు ఇచ్చినదై ఉండాలి. ఆ ప్రయోజనానికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలి. ఇచ్చినంత సులభంగా వెనుకకు తీసుకొనే వీలుండాలి.

కర్మకాండ ఎరిగినవారికి ఈ నియమాలు కొత్తవి కావు. సంకల్పం చెప్పుకోవడమంటే ఇదే. యజమాని తన గోత్రం, నామధేయం, కోరిక చెబుతాడు. దేశకాలాలు చెబుతాడు. ఈ ఫలం కొరకు ఈ కర్మను చేస్తున్నానని నీళ్ళు వదులుతాడు. సత్యనారాయణ వ్రతానికి చెప్పిన గోత్రనామాలతో, అతనికి చెప్పకుండా మరునాడు మరొక హోమం చేసి సంభావన అడిగిన పురోహితుణ్ణి ఏ ఊరూ సహించదు. కర్మ ముగిశాక ఉద్వాసన చెప్పి ఆవాహన చేసిన దేవతను సైతం స్వస్థానానికి పంపుతారు. ఫోనులో మాత్రం ఆవాహనే గాని ఉద్వాసన లేదు. చీటీపాట లెక్కలు వేసుకొనే యాప్ పరిచయస్తులందరి నంబర్లు అడుగుతుంది, పంచాంగం చూపే యాప్ ఎక్కడ ఉన్నావని రోజంతా అడుగుతూ ఉంటుంది. సూర్యోదయవేళ లెక్కకట్టడానికి ఊరిపేరు చాలును. వీధి మలుపు అక్కరలేదు.

ఆ విద్యార్థిని చేసినది స్వల్పమే. చూసినవాటి చరిత్రను తుడిచివేసినది, ఇక గుర్తుంచుకోవద్దని ఆ ఖాతాలో ఆపివేసినది. పంచాంగం యాప్‌కు స్థానం చూసే అనుమతి తీసివేసి ఊరిపేరు తానే వ్రాసినది. జపసంఖ్య లెక్కించి, వరుసగా ఇన్ని రోజులైనదని చప్పట్లు కొట్టి, మిత్రులకు చూపమని ప్రోత్సహించే యాప్ ఒకటి ఉండేది. దానిని తీసివేసి, అటకమీది నానమ్మ తులసిమాల దించుకున్నది. మొదటి వారం జపం నడవలేదట. ఎవరూ చూడని జపం చప్పగా తోచినదని ఆమె దాపరికం లేకుండా ఒప్పుకున్నది. అంతకుముందు నడిచినది జపమా, ప్రదర్శనమా అన్న సందేహం తనకు అప్పుడే కలిగినదన్నది. గీత పదమూడవ అధ్యాయం జ్ఞానలక్షణాలను లెక్కిస్తూ రెండవదిగా దంభం లేకపోవడాన్ని ఎందుకు చెప్పినదో యాప్ తీసివేసినవారికి సులభంగా బోధపడుతుంది.

అన్నిటినీ వదిలిపెట్టడం ఆమె వల్ల కాలేదు, కాదు కూడా. కళాశాల హాజరు ఫోనులోనే, పరీక్ష రుసుము ఫోనులోనే. ఇందులో దేవాలయాలకూ బాధ్యత ఉన్నది. అర్చన టికెట్టుకు ఫోన్ నంబరు ఎందుకో, దానిని ఎంతకాలం ఉంచుతారో ఏ కౌంటరు వద్దా వ్రాసి ఉంచరు. సంతానం కొరకో, రోగనివారణ కొరకో, రుణవిముక్తి కొరకో వచ్చినవాని కోరిక, బ్యాంకు ఖాతా అంకెకంటె సున్నితమైన సంపద. దానిని కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు కమిటీవారు ఆలోచించవలసి ఉండగా, ఆలోచించినట్లు కనబడదు.

మాఘమాసంలో అక్కాచెల్లెళ్ళిద్దరూ తమ ఊరి సుబ్రహ్మణ్యేశ్వరాలయానికి వెళ్ళారు. కౌంటరు గుమాస్తా ఫోన్ నంబరు అడిగినాడు. ఎందుకండీ అని చిన్నమ్మాయి అడిగినది. కంప్యూటర్ అడుగుతోందమ్మా, ఇవ్వకపోతే టికెట్టు రాదు అన్నాడతడు. కొంతసేపు ఆలోచించి, తానే ఆలయ కార్యాలయం నంబరు కొట్టి టికెట్టు తీసి ఇచ్చినాడు. లోపల అక్క తన కోరికను అర్చకుని చెవికి మాత్రమే వినబడేటట్లు చెప్పుకున్నది. చెల్లెలు ధ్వజస్తంభం వద్దనే ఆగిపోయినది.